చెప్పినవాళ్లకు తిరిగి చెప్పండి: వలస పరిశోధకులకు ఒక దుబాసీ బహిరంగ లేఖ

వలస అధ్యయనాలు చేసే ఆచార్యులకు, పరిశోధక విద్యార్థులకు, ఆ అధ్యయనాలకు నిధులిచ్చే సంస్థలకు, అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీలకు నమస్కారం.

పదకొండేళ్లుగా మీకూ, మీరు ప్రశ్నలు అడిగే మనుషులకూ మధ్య కూర్చుంటున్న దుబాసీని నేను. మీ ప్రశ్నను వాళ్ల భాషలోకి, వాళ్ల జవాబును మీ భాషలోకి దాటించడం నా పని. శిబిరాల్లో, కార్మికుల వసతి గదుల్లో, ఆసుపత్రి వరండాల్లో, రాత్రి బస్సు కోసం ఎదురుచూసే చోట్ల ఆ పని చేశాను. మీ విద్య మీద నాకు గౌరవం ఉంది. అది లేకపోతే ఈ ఉత్తరం రాసే శ్రమే తీసుకోను.

చివరిగా పనిచేసిన అధ్యయనంలో 64 మంది మాతో మాట్లాడారు. ఏం తేలిందో మీకు తప్పక తెలియజేస్తామని ప్రతి ఒక్కరికీ చెప్పాం. ఆ మాట పరిశోధకురాలు తన భాషలో అన్నారు. వాళ్లకు అర్థమయ్యే భాషలో అన్నది నేను. అంటే వాళ్ల లెక్కలో మాట ఇచ్చింది నేనే. రెండేళ్లు చూసి ఆ బృందానికి ఉత్తరం రాశాను. అందిందని జవాబు వచ్చింది. ఆరు నెలలు ఆగి మళ్లీ రాస్తే, ప్రాజెక్టు గడువు ముగిసిందని, ఇప్పుడు దానికి బాధ్యులెవరూ లేరని చెప్పారు. మూడోసారి ఎథిక్స్ కమిటీకి రాశాను. జవాబే లేదు. నేను అడిగింది రెండు పేజీల సారాంశం, అంతే. ఇది ఆ ఒక్క బృందం తప్పే అయితే ఇలా అందరి ముందుకూ వచ్చేదాకా వెళ్లేది కాదు. నేను పనిచేసిన పద్నాలుగు అధ్యయనాల్లో, తేలిన సంగతులను మాట్లాడినవాళ్లకు తిరిగి చెప్పింది ఒక్కటే ఒక్కటి.

ఒక మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఒక శిబిరానికి మూడు నెలల్లో మూడో బృందంతో వెళ్లాను. పడవ ప్రయాణంలో కొడుకును పోగొట్టుకున్న ఒక నడివయసు ఆవిడ మొదటి ప్రశ్న విని నా వైపు తిరిగారు. "మొన్న వచ్చినవాళ్లకు ఇదంతా చెప్పాను కదా. వాళ్లు రాసుకోలేదా?" అని అడిగారు. నా ధర్మం ప్రకారం ఆ మాటను ఉన్నదున్నట్టు అనువదించాను. పరిశోధకుడు కాసేపు తల దించుకున్నారు. ఆ తర్వాత ప్రశ్నావళిలోని రెండో ప్రశ్న చదివారు. ఆవిడ జవాబు చెప్పారు కూడా. అంత మర్యాదస్థురాలు.

మీ రంగం ఏమి చేయగలదో నాకు తెలుసు కాబట్టే ఈ బాధ. 1885లోనే భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టైన్ బ్రిటన్ జనాభా లెక్కలు ముందు పెట్టుకుని, వలస వెళ్లేవారిలో ఎక్కువమంది దగ్గరి చోట్లకే వెళతారని, ప్రతి ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుందని, దగ్గరి దూరాలకు మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువగా కదులుతారని చూపించారు. ఆ చివరి సంగతి ఆనాడే రాసి ఉన్నా, ఆ తర్వాత చాలాకాలం పుస్తకాల్లో ఆడవాళ్లు "వెంట వచ్చినవారు"గానే మిగిలారు. 1984లో మిర్యానా మొరోక్వాషిచ్ వంటి పరిశోధకులు గట్టిగా నిలదీశాకే మీ రంగం చూపు మారడం మొదలైంది. అడిగే తీరు మారితే కనబడే మనుషులు మారతారని అక్కడే తెలుస్తోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. హోర్హే డురాండ్, డగ్లస్ మాసీ 1982లో మొదలుపెట్టిన మెక్సికో వలసల అధ్యయనం ఏళ్ల తరబడి సాగింది. సేకరించిన సమాచారాన్ని ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. అందులో తేలినదేమిటంటే, అమెరికా సరిహద్దు మీద కాపలా పెరిగేకొద్దీ మనుషులు రావడం ఆగలేదు, తిరిగి వెళ్లడం ఆగింది. పనికాలంలో వచ్చి, పని అయ్యాక ఇంటికి వెళ్లేవాళ్లు మళ్లీ దాటడం ప్రాణాంతకమని భయపడి అక్కడే ఉండిపోయారు. రాకుండా చేయాలని పెట్టిన కాపలా వాళ్లను లోపలే నిలిపేసింది. పాలకులు ఈ మాట విని ఉంటే ఎడారిలో ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

మీ రాతలు అల్మారాలో ఉండిపోయేవి కావు. 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వలసల అంతర్జాతీయ ఒప్పందంలో 23 లక్ష్యాలు ఉంటే, వాటిలో మొట్టమొదటిది కచ్చితమైన సమాచార సేకరణ. మీరు తెచ్చే లెక్కల మీద విధానాలు నిలబెడతామని ప్రభుత్వాలు రాసి ఇచ్చాయన్నమాట. అందుకే మీ పద్ధతుల్లోని లోపాలు మామూలు మనుషుల మీద ఎలా పడుతున్నాయో, పక్కనే కూర్చుని చూసినవి చూసినట్టు చెబుతాను.

1. ఒక గడిలో పట్టని జీవితాన్ని ఒక గడిలో పెడుతున్నారు. ఒకసారి ఒక వ్యక్తిని "మీరు ఎందుకు వచ్చారు?" అని అడిగాం. అతను నలభై నిమిషాలు చెప్పాడు. వరుసగా రెండేళ్లు వానలు పడలేదు. విత్తనాలకు అప్పు చేశాడు. అప్పు ఇచ్చినవాడు ఆ ప్రాంతాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సాయుధ ముఠా మనిషి. అప్పు కింద తమ్ముణ్ని ముఠాలో చేరమన్నారు. తమ్ముడు కాదన్నాడు, ఆ తర్వాత కనిపించలేదు. అప్పటికే పరాయి దేశంలో ఉన్న బావమరిది రమ్మన్నాడు. ట్యాబ్ తెర మీద ఉన్నవి ఐదు గడులు: పని, కుటుంబం, హింస, ప్రకృతి విపత్తు, ఇతరాలు. ఒకదాన్నే నొక్కాలి. "ప్రధాన కారణం ఏది?" అని అడగమన్నారు. అడిగాను. "నేను విడదీయలేను, మీరే చూసి చెప్పండి" అన్నాడు. అతను పంట, సంపాదనలతో మొదలుపెట్టాడు కాబట్టి "పని" అని నొక్కారు.

ఆ ఒక్క నొక్కు అతని ఆశ్రయ దరఖాస్తును తేల్చదని నాకు తెలుసు. కానీ అలాంటి నొక్కులు వేలకొద్దీ చేరి "వచ్చినవారిలో అత్యధికులు పని కోసమే వచ్చారు" అనే వాక్యం అవుతుంది. ఆ వాక్యం పత్రికలకు, సభల్లో ప్రసంగాలకు, దరఖాస్తు పరిశీలించే అధికారి మనసుకు చేరుతుంది. 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదు కారణాలతో వేధింపునకు భయపడేవారికే రక్షణ ఇస్తుంది. ఎండిన చేనుకు అందులో చోటు లేదు. వాన లేకపోవడానికీ తమ్ముడు మాయం కావడానికీ మధ్య ఉన్న ముడి మీ పట్టికలో తెగిపోతే, మళ్లీ దాన్ని కట్టేవారు ఎవరూ ఉండరు. విధానాల కోసం తయారైన వర్గాలనే పరిశోధన కూడా పట్టుకు వేలాడితే కొందరు అసలు కంటికే ఆనరని ఆలివర్ బేక్‌వెల్ 2008లోనే హెచ్చరించారు. హెచ్చరించింది మీలో ఒకరే. గడులు మాత్రం అలాగే ఉన్నాయి.

మా భాషలో కాందిశీకులు అనే మాట ఉంది. "ఏ దిక్కుకు పోను?" అని అడిగేవాడు అని దాని మూలార్థం. కారణం ఏ గడిలోదో ఆ మాట అడగదు. ఆ మనిషి నోట్లో ఉన్న ప్రశ్ననే పేరుగా పెట్టుకుంది. ప్రశ్నావళి తయారు చేసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోమని వేడుకుంటున్నాను.

2. చాలామంది అసలు లెక్కలోకే రావడం లేదు. ఐక్యరాజ్యసమితి 1998లో చేసిన సిఫార్సుల ప్రకారం, మరో దేశంలో కనీసం 12 నెలలు ఉంటే దీర్ఘకాలిక వలస, 3 నుంచి 12 నెలల లోపయితే స్వల్పకాలిక వలస. ఏటా పది వారాల కోత పనికి సరిహద్దు దాటి, ఇరవై ఏళ్లుగా అదే బతుకు బతికే కూలీ ఈ రెండింటిలోనూ లేడు. 2024లో పుట్టిన దేశం విడిచి వేరే దేశంలో ఉంటున్నవారు 30.4 కోట్లని ఐక్యరాజ్యసమితి అంచనా. సొంత దేశంలోనే చోటు మారినవారు 74 కోట్లని 2009 మానవాభివృద్ధి నివేదిక అంచనా వేసింది. దేశం దాటినవారికన్నా దాటనివారే రెట్టింపునకు పైగా ఉన్నారు. శరణార్థుల్లోనూ నాలుగింట మూడు వంతుల వరకు తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. అయినా నేను పనిచేసిన పద్నాలుగు అధ్యయనాల్లో పదకొండు, ధనిక దేశాల తలుపు తట్టేవారి గురించే. లెక్కలో లేని కూలీ పిల్లకు బడిలో చోటు ఉండదు, టీకా చీటీ మీద ఊరి పేరు ఉండదు. లేదని అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు.

3. అడిగిందే అడుగుతున్నారు. పైన చెప్పిన ఆవిడ ఒక్కరే కాదు. పేరు మోసిన శిబిరాలకు అందరూ వెళతారు, పక్కనే ఉన్న పేరులేని గుడిసెల వైపు ఎవరూ వెళ్లరు. ఒక బృందానికి మరో బృందం ఏమి సేకరించిందో తెలియదు, తెలిసినా అడగరు. మీకు అది సమాచారం. చెప్పేవారికి అది ఆ రాత్రి మళ్లీ నిద్ర లేకపోవడం. నేను ఇంటికి వెళ్లి పడుకుంటాను, వాళ్లు చెప్పిన చోటే పడుకుంటారు.

4. దారులు బయటపెడుతున్నారు. ఒక అధ్యయనంలో మనుషులు ఏ వాగు దగ్గర దాటారో, ఎక్కడ తలదాచుకున్నారో పటం గీశారు. పేర్లు మార్చారు, మనుషుల ముఖాలు దాచారు, చోట్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే అచ్చు వేశారు. తర్వాత అక్కడ గస్తీ పెరిగిందని మాతో మాట్లాడినవాళ్లే చెప్పారు. ఆ పటం వల్లనే పెరిగిందని నేను అనలేను. కాదని మీరు అనగలరా? దగ్గరి దారి మూసుకుపోయినప్పుడు మనుషులు వెనుదిరగరు, మరింత దూరమైన, మరింత ప్రమాదకరమైన దారి పడతారు. ఈ సంగతి కనిపెట్టి చెప్పింది కూడా మీ రంగమే. వలస దారుల్లో చనిపోయినవారి, కనబడకుండా పోయినవారి లెక్కను అంతర్జాతీయ వలసల సంస్థ 2014 నుంచి నమోదు చేస్తోంది. నమోదైనవే 70 వేలు దాటాయి. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటే బాధ్యత తీరదు. పత్రాలు లేని మనిషికి సంతకం అంటేనే భయం. "పెట్టకపోతే ఏమవుతుంది?" అని నన్ను ఎంతమంది గుసగుసగా అడిగారో చెప్పలేను.

5. వాళ్లు ఇచ్చిన జ్ఞానం వాళ్లకే దొరకడం లేదు. ఒక కార్మికుల వసతిలో గదికి పన్నెండు మంది ఉండేవారు. అది రుజువు చేస్తూ చక్కని వ్యాసం వచ్చింది. కొలతలు, గాలి ఆడే తీరు, రోగాల జాబితా, అన్నీ ఉన్నాయి. ఆ గదుల్లోని వాళ్లే యజమాని మీద ఫిర్యాదు చేసి విచారణకు వెళ్లినప్పుడు చేతిలో ఒక్క ఆధారం లేదు. ఆ వ్యాసం చందా కట్టినవారికే తెరుచుకునే జర్నల్‌లో, వాళ్లకు రాని భాషలో ఉంది. ఆ వ్యాసం సంగతి నాకు తెలిసి, దాన్ని సంపాదించి, ముఖ్యమైన భాగాలు అనువదించి ఇచ్చేసరికి విచారణ ముగిసిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టుంది. ఈ సామెత అనడానికి నాకు సంతోషంగా లేదు. ఆ వ్యాసం రాసినవారు మంచివారు, ఆ గదుల్లో నేల మీద కూర్చుని రోజుల తరబడి విన్నవారు. అయినా జరిగింది ఇది.

తెలుగులో కూలి కోసం ఊరు విడిచినవాడిదీ వలసే, పరాయి దేశాన్ని ఆక్రమించి ఏలినవాడి పాలనా వలస పాలనే. వచ్చి, కావలసినది తీసుకుని, ఇచ్చినవాళ్లకు ఏమీ మిగల్చకుండా వెళ్లడం ఈ రెండో వలస లక్షణం. వలసల మీద చేసే పరిశోధన ఆ దారిలో నడవకూడదు.

6. మధ్యలో పనిచేసేవారి పేరు ఎక్కడా ఉండదు. దుబాసీలు, దారి చూపినవారు, ఇంటింటికీ తిరిగి నమ్మకం కుదిర్చినవారు లేనిదే మీ మొదటి ఇంటర్వ్యూ కూడా జరగదు. జవాబులో ఏ మాటకు ఏ అర్థం తీసుకోవాలో ఆ క్షణంలో తేల్చేది మేమే. మా పేర్లు వేయనందుకు నాకు పెద్ద దిగులు లేదు. మేము తప్పుగా అనువదించిన చోటు ఎవరూ పట్టుకోలేకపోవడమే దిగులు.

ఇప్పుడు కోరికలు. ఇవి విన్నపాలుగా మొదలై మూడు ఉత్తరాల తర్వాత డిమాండ్లు అయ్యాయి.

ఇంటర్వ్యూలు ముగిసిన ఏడాదిలోగా, తేలిన విషయాలను మాట్లాడినవారి భాషలో, చదవలేనివారికి నోటితో, తిరిగి చెప్పాలి. పూర్తి వ్యాసం అచ్చయ్యేదాకా ఆగనక్కర్లేదు, ఆ రెండు పేజీలకు ఏ జర్నల్ అనుమతీ అవసరం లేదు. నిధులిచ్చే సంస్థలు దీనికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. అది జరిగినట్టు రుజువు చూపేదాకా చివరి విడత డబ్బు విడుదల చేయకూడదు. ప్రాజెక్టు ముగిశాక బాధ్యులెవరూ లేరనే జవాబు ఇకమీదట ఎవరికీ రాకూడదు. ఆ బాధ్యత బృందం రద్దయినా విశ్వవిద్యాలయానిదే అని సమ్మతి పత్రంలోనే రాయాలి.

ప్రశ్నావళి ఖరారయ్యే ముందు, అలాంటి జీవితం గడిపినవారు కనీసం కొందరు దాన్ని చూసి మార్చే అధికారంతో కూర్చోవాలి. ఎథిక్స్ కమిటీల్లో వాళ్లకు ఓటు ఉండాలి. "ఎందుకు వచ్చారు?" అన్న ప్రశ్నకు ఒకే గడి నొక్కించే పద్ధతి మానండి. ఎన్ని కారణాలు చెబితే అన్నీ, చెప్పిన వరుసలో నమోదు చేయండి. మీ పట్టికలు కాస్త చిక్కబడతాయి. ఆ మనిషి జీవితం అంతకన్నా చిక్కుగా ఉంది.

ఒక శిబిరానికి వెళ్లే ముందు అక్కడ ఇప్పటికే ఏమి సేకరించారో తెలుసుకోండి. చెప్పినవారి అనుమతితో పంచుకోండి. దాటే చోట్లు, తలదాచుకునే చోట్లు, మనుషులను ఒకరి నుంచి మరొకరికి అప్పగిస్తూ దాటించే తీరు అచ్చులో పెట్టకండి. అవి తీసేస్తే మీ వాదన నిలవదంటే, ఆ వాదనను ఆపుకోండి. సంతకానికి బదులు నోటిమాట సమ్మతిని అంగీకరించండి. తర్వాత మనసు మారితే తమ మాటలు వెనక్కి తీసుకునే దారి, వాళ్లకు అర్థమయ్యే భాషలో, చేతికి ఇచ్చి వెళ్లండి. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలకు ఉచితంగా దొరకాలి. దుబాసీ పేరు, ఆ దుబాసీ అంగీకరిస్తే, పద్ధతి వివరించే చోట ఉండాలి.

ఇవి అసాధ్యమని మీరు అనలేరు. దక్షిణాఫ్రికాలోని శాన్ ఆదివాసులు 2017లో తమ వద్దకు వచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాశారు. గౌరవం, నిజాయతీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి అని ఐదు మాటల్లో పెట్టారు. కెనడాలోని ఆదివాసీ సమాజాలు తమ సమాచారం మీద యాజమాన్యం తమదేనని 1998 నుంచి చెబుతున్నాయి. బలవంతపు వలసల మీద పనిచేసే మీ అంతర్జాతీయ సంఘమే 2018లో నైతిక నియమాలు ప్రకటించుకుంది. కాగితం ఉంది. దాన్ని పాటించారా లేదా అని అడిగే మనిషే లేడు.

వలస వెళ్లినవారు ఒకచోట ఉండరు, ఎక్కడని వెతకాలి అని చాలామంది నాతో అన్నారు. ఇంటర్వ్యూకు వాళ్లను వెతికి పట్టుకున్నది మనమే కదా. అర్ధరాత్రి షిఫ్టు ముగిసి వచ్చేదాకా గుమ్మం దగ్గర కాచుకున్నాం. చాలామంది దగ్గర ఫోను ఉంది. ఎక్కడికి వెళ్లినా మీకు ఎలా చెప్పమంటారు అని మొదటి రోజే అడిగితే వాళ్లే దారి చెబుతారు. నేను వాళ్ల నంబర్లు దాచుకోలేదు, దాచుకోకూడదు. నా నంబరు మాత్రం వాళ్ల దగ్గర ఉంది. ఆ 64 మందిలో ముగ్గురు ఇప్పటికీ ఫోను చేస్తారు. క్షేమ సమాచారాలు అయ్యాక, "అది ఏమైంది?" అంటారు.

ఆ బృందంలోని వారెవరైనా ఇది చదువుతుంటే, డిసెంబరు 18న అంతర్జాతీయ వలసదారుల దినం వస్తుంది. ఆ లోపల ఆ సారాంశం పంపండి. మీ భాషలోనే పంపండి, రెండు పేజీలు కాకపోతే ఒకటే పంపండి. అనువాదం నేను చేస్తాను, రుసుము వద్దు. ఆ ముగ్గురికి నేనే చదివి వినిపిస్తాను, మిగిలినవారికి చేరే దారి వాళ్లనే అడుగుతాను.

ఇట్లు,
మీ ప్రశ్నలను పదకొండేళ్లు మోసిన ఒక దుబాసీ